పల్లె బ్రతుకునకు మూడు చేతులు

విజయవాడనుండి మచిలీపట్టణమునకు పోవు రాచబాటపై, తూర్పు కృష్ణా డెల్టా వాకిట కంకిపాడు కలదు. అది మండల కేంద్రము. వ్యవసాయ మార్కెట్టు యార్డు గల ఊరు. బాట కొకప్రక్క పచ్చని మాగాణి కనిపించును. మరియొకప్రక్క హద్దురాళ్లు పాతిన ఇండ్ల స్థలములు కనిపించును. చుట్టునున్న ఈడుపుగల్లు, పునాదిపాడు, కొలవెన్ను, తెన్నేరు, ఉప్పులూరు మొదలగు గ్రామములకు నీరు కలదు, రోడ్డు కలదు, విద్యుత్తు కలదు, బడి కలదు. ఐనను ఆ ఊళ్లలో పుట్టి చదువుకొన్న యువకులలో "నేను ఇక్కడనే నిలిచి బ్రతికెదను" అనువాడు అరుదు. పల్లె పేదదై నశించుట ఒక విధము. పల్లె సంపన్నమై యుండియు లోలోపల వట్టిపోవుట మరియొక విధము. డెల్టా గ్రామములకు పట్టిన వ్యాధి ఈ రెండవది.

దీనికి మందేమని యడిగినచో మూడు సమాధానములు వినవచ్చును. ప్రభుత్వమే చేయవలెనని కొందరందురు. పెట్టుబడిగల కంపెనీలు రావలెనని కొందరందురు. ఊరు తన కాళ్లపై తాను నిలువవలెను గాని ఒరుల చేయి చూడరాదని మరికొందరందురు. ఈ మూడు మాటలును విడివిడిగా అర్ధసత్యములు. ఒంటిచేత చప్పట్లు మ్రోగవను సామెత యున్నది. పల్లె విషయమున రెండు చేతులును చాలవు, మూడు కావలెను. ఏ చేయి ఏ పని చేయవలెను, ఏది ఎక్కడ ఆగవలెను అనునదే అసలైన ప్రశ్న. దీనికి సమాధానము దూరదేశములలో మాత్రమే వెదకనక్కరలేదు. తెలుగునాటి శాసనములలోను, కృష్ణానది కాలువగట్లమీదను, ఉయ్యూరు చెరకుతోటలలోను, పల్లెలోని పాలకేంద్రమువద్దను అది కొంతకొంతగా లభించును.

శాసనములు చెప్పిన ఒడంబడిక

పూర్వము తెలుగుదేశమున దశబంధమను ఏర్పాటొకటి యుండెడిది. శక్తిగలవాడొకడు తన ధనముతో చెరువు త్రవ్వించును, లేక తెగిన గట్టు పోయించును. దానికి ప్రతిఫలముగా రాజు వానికి ఆ చెరువు క్రింద భూమిలో కొంత మాన్యముగా నిచ్చును. చెరువు చక్కగా నున్నంతవరకే ఆ మాన్యమునకు విలువ. గట్టు తెగి నీరు పోయినచో మాన్యము బీడగును. కావున కట్టించినవాడు దానిని కనిపెట్టి యుండక తప్పదు. ఊరివారు పంట పండించి పన్ను చెల్లింతురు. ధనికుని లాభము, రాజు ఆదాయము, రైతు అన్నము ఒకే గట్టును ఆశ్రయించి యుండెను. ఇందులో దానము లేదు, దయ లేదు. అందరికిని తెలిసిన లెక్క యున్నది. ఆ లెక్కయే దాని బలము.

కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు శాసనము (1369) మరియొక పాఠము చెప్పును. విజయనగర రాజకుమారుడు భాస్కరుడు త్రవ్వించిన ఆ చెరువుకు వెయ్యిమంది కూలీలు, నూరు బండ్లు రెండేండ్లు పనిచేసినట్లు అందు వ్రాయబడినది. అంతేకాదు, మంచి చెరువునకు పండ్రెండు అంగములు, ఆరు దోషములు అందు లెక్కింపబడినవి. సత్కార్యము చేయదలచినవాడు ముందుగా దాని శాస్త్రము తెలిసికొనవలెనని దాని భావము.

వర్తకుని సంగతి మోటుపల్లి శాసనములో కలదు. తుపానుకు చిక్కి తీరమునకు కొట్టుకొని వచ్చిన ఓడల సరకును పూర్వపు రాజులు బలాత్కారముగా హరించెడివారు. కాకతి గణపతిదేవుడు 1244వ సంవత్సర ప్రాంతమున ఆ ఆచారము నెత్తివేసి, నియమితమైన సుంకము మాత్రమే తీసికొందునని అభయ మిచ్చెను. నిలుకడగల నియమము లేనిచోట వర్తకుడు నిలువడు. ఏడు శతాబ్దములు దాటినను ఈ మాటకు వన్నె తరుగలేదు.

ఆనకట్టనుండి బోదెదాక

1832-33 సంవత్సరములలో గుంటూరు సీమను పీడించిన డొక్కల కరవు తెలుగువారి జ్ఞాపకములనుండి తొలగిపోలేదు. సుమారు 5 లక్షల జనములో లక్షన్నరకు తక్కువకాకుండ మరణించిరని అంచనా. ప్రక్కనే కృష్ణ సముద్రమునకు పారుచుండగా జనులు ఆకలికి చచ్చిరి. ఆర్థర్ కాటన్ ప్రణాళికను బట్టి, కెప్టెన్ ఓర్ పర్యవేక్షణమున 1852లో ఆరంభమై 1855లో ముగిసిన విజయవాడ ఆనకట్ట ఆ దుఃస్థితిని మార్చెను. 1952లో ఆ ఆనకట్టకు గండి పడెను. దాని ఎగువను 1954లో మొదలుపెట్టిన బ్యారేజి 1957 డిసెంబరు 24న ప్రారంభమై, ఆ యేడే కన్నుమూసిన టంగుటూరి ప్రకాశం పంతులు పేరు ధరించినది. బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ తూర్పు డెల్టాకు నీరందించు నాడులు. 2015లో పట్టిసీమ ఎత్తిపోతల పథకముద్వారా గోదావరి జలములు కృష్ణను చేరనారంభించినవి.

ఇంతటి నిర్మాణము ఏ గ్రామమునకును, ఏ కంపెనీకిని సాధ్యము కాదు. నది, బ్యారేజి, పెద్ద కాలువ ప్రభుత్వము చేయవలసినవి. కాని నీరు తూము దాటిన పిదప కథ మారును. బోదెలో పూడిక తీయుట, గుఱ్ఱపుడెక్క తొలగించుట, ఎగువరైతు తడిపినమీదట దిగువరైతుకు వంతు వదలుట — వీనిని రాజధానిలోని ఉద్యోగి చూడజాలడు. ఎగువ పొలములో నీరు పొర్లి పోవుచుండగా శివారు భూమి నెఱ్ఱెలు విచ్చుట డెల్టాలో ఎవ్వరును ఎరుగని విషయము కాదు. ఈ లోపమును గుర్తించియే ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 1997లో సాగునీటి వ్యవస్థల రైతు యాజమాన్య చట్టమును చేసి, రాష్ట్రమంతట పదివేలకు పైగా నీటి వినియోగదారుల సంఘముల నేర్పరచెను. దేశములో ఇంత విస్తృతముగా ఈ పని చేసిన తొలి రాష్ట్ర మిదియే.

ఆ సంఘములు కొన్నిచోట్ల బాగుగా పనిచేసినవి, అనేకచోట్ల చతికిలపడినవి. ఎన్నికలు క్రమముగా జరుగలేదు. పూడికతీత పనులు ఊరి పనులుగా గాక కాంట్రాక్టు పనులుగా మారినవి. అధికార మిచ్చిన ప్రభుత్వము నిధులను తన చేతిలోనే యుంచుకొన్నచో సంఘము పేరునకు మాత్రమే మిగులును. బాధ్యతయు డబ్బును ఒకేచోట నుండవలెనను సూత్రము ఇక్కడ తేటతెల్లమగుచున్నది.

ఇందు వ్యాపారికి సంబంధ మేమని తోచవచ్చును. వరి కోతకు రెండుమూడు దినములు ముందుగా, చేలో తడి యుండగనే మినుము చల్లుట ఈ డెల్టా రైతు నేర్చిన విద్య. ఆ తడితోను, మంచుతోను మినుము పండును. కాలువనీరు ఆలస్యమైనచో నాట్లు ఆలస్యమగును. నాట్లు ఆలస్యమైనచో కోత వెనుకబడును. కోత వెనుకబడినచో మినుము దిగుబడి తగ్గును. అప్పుడు పప్పుమిల్లునకు సరకు లేదు, కూలికి పని లేదు, మార్కెట్టు యార్డుకు రాబడి లేదు. ఒక తూము తలుపు వేళకు తెరువకపోవుట ఇన్ని ఇండ్ల పొయ్యిమీదకు వచ్చును. మూడు చేతుల బంధుత్వమునకు ఇంతకన్న నిదర్శన మక్కరలేదు.

ఉయ్యూరు చెరకు

కంకిపాడు దాటి బందరు బాటను ముందుకు సాగినచో ఉయ్యూరు వచ్చును. ఆ ఊరి చక్కెర కర్మాగారము మొదట సహకార పద్ధతిని వెలసినది. ఐ.సి.ఎస్. ఉద్యోగిగా పేరొందిన వెలగపూడి రామకృష్ణ 1941లో దానిని స్వీకరించి కె.సి.పి. సంస్థకు పునాది వేసెను. ఆ సంస్థయే తరువాత మాచర్లలో సిమెంటు కర్మాగారమును, మదరాసు ప్రాంతమున యంత్రముల కర్మాగారమును నెలకొల్పెను. డెల్టా చెరకు గడనుండి ఇన్ని పరిశ్రమలు మొలకెత్తినవి.

చెరకు పంటలో నున్న విశేషము పాఠకులు గమనింపదగినది. నరికిన చెరకు నిలువయుండదు. ఒకటి రెండు దినములలో గానుగకు చేరనిచో తియ్యదనము తరుగును. రైతు దానిని దూరదేశమునకు తీసికొనిపోయి అమ్మజాలడు. కర్మాగారమునకును అంతే, నూరు మైళ్ల దూరమునుండి చెరకు తెచ్చి ఆడించుట గిట్టుబాటు కాదు. టన్ను చెరకునుండి వచ్చు చక్కెర ఇంచుమించు ఒక క్వింటాలు మాత్రమే. కావున రైతు, కర్మాగారము ఒండొరులను విడువలేని కాపురము చేయవలసినవారే. అట్టి కాపురములో బలవంతుడు బలహీనుని పీడించుట సులభము. అందుచేతనే ప్రభుత్వము నడుమ నిలిచినది. 1966 నాటి చెరకు నియంత్రణ ఉత్తర్వు ప్రకారము కర్మాగారము చెరకు అందిన 14 దినములలో డబ్బు చెల్లింపవలెను; ఆలస్యమైనచో సాలుకు నూటికి 15 చొప్పున వడ్డీ ఈయవలెను. కనీసపు ధరను కేంద్రప్రభుత్వము నిర్ణయించును. 2009నుండి దానికి న్యాయమైన, గిట్టుబాటగు ధర యని పేరు.

చట్టము వ్రాతలో చక్కగనే యున్నది. ఐనను దేశములోని అనేక ప్రాంతములందు చెరకు బకాయిలు నెలలతరబడి నిలిచిపోవుట జగద్విదితము. చక్కెర ధర పడినప్పుడు కర్మాగారము చేతులెత్తును. చెరకు కోయు కూలి దొరకనప్పుడు రైతు వరికో కూరగాయలకో మరలును. కృష్ణా డెల్టాలో చెరకు విస్తీర్ణము పూర్వముకంటె తగ్గిపోవుటకు కారణము ఇట్టి చిక్కులే. కర్మాగారము రైతును చెరకు పండించు యంత్రముగా జూచినచో, రైతు కర్మాగారమును అవసరమునకు వాడుకొను గోడగా జూచినచో, ఒకనాడు ఇరువురును నష్టపడుదురు. ఒడంబడిక కాగితముమీద నుండుట చాలదు. పంట చెడిన ఏడు అది ఎట్లు నడచునో ముందుగనే తేల్చుకొనవలెను.

పాలకేంద్రము నేర్పిన లెక్క

పాలు చెరకుకంటెను తొందరవి. పిండిన కొలది గంటలలో చల్లబరచనిచో విరిగిపోవును. గుజరాతులోని ఖేడా జిల్లా రైతులు ఈ తొందర కారణముననే ఒకే కంపెనీకి చిక్కి, అది చెప్పిన ధరకే పాలు పోయుచుండిరి. సర్దార్ పటేల్ సలహామీద వారు పదిహేను దినములు కంపెనీకి పాలు పోయక సమ్మెచేసి, 1946 డిసెంబరు 14న తమ సహకార యూనియనును రిజిస్టరు చేసికొనిరి. త్రిభువనదాసు పటేల్ నాయకత్వము, వర్గీస్ కురియన్ సాంకేతిక నైపుణ్యము, ప్రభుత్వపు అండ కలిసి దానిని ఆనందు పద్ధతిగా దేశమునకు చాటినవి.

ఆంధ్రప్రదేశమున పాలపని ప్రభుత్వము చేతిమీదుగా మొదలయ్యెను. 1960వ దశకములో యునిసెఫ్ సహాయముతో హైదరాబాదు, విజయవాడలు కేంద్రములుగా పాల సేకరణ సాగెను. ఆ దశకపు చివర విజయవాడలో పాలపొడి కర్మాగారము వెలసెను. 1974లో పాడిపరిశ్రమాభివృద్ధి కార్పొరేషను, 1981లో సహకార సమాఖ్య యేర్పడినవి. 1995లో పరస్పర సహాయ సహకార సంఘముల చట్టము వచ్చెను. ప్రభుత్వపు వాటాధనముగాని, ప్రభుత్వము నియమించు డైరెక్టర్లుగాని లేకుండ సభ్యులే తమ సంఘమును నడుపుకొను వీలు దానివలన కలిగెను. కృష్ణా జిల్లా పాల ఉత్పత్తిదారుల యూనియను ఆ చట్టము క్రిందికి వచ్చి, విజయ అను పేరుతో పాలు, నెయ్యి అమ్ముచున్నది. ప్రభుత్వము పునాది వేసి, కొంతకాలము చేయిపట్టి నడిపించి, పిమ్మట చేయి విడుచుట ఇందు కనిపించును. చేయి విడుచుట ఎప్పుడు, ఎట్లు అనునది పట్టుకొనుటకంటె కష్టమైన విద్య. ముందుగా విడిచినచో బిడ్డ పడిపోవును. ఎన్నటికిని విడువనిచో నడకయే రాదు.

పాలకేంద్రములో మరియొక గొప్పతన మున్నది. ఉదయమున ఒక స్త్రీ చెంబుతో పాలు పోయును. వెన్నశాతము ఆమె కన్నులముందే తేలును. దానిని బట్టి ధర. ఒక ఎకరము గలవానికిని, ఏమియు లేని కూలి ఇల్లాలికిని, పాలలోని వెన్న ఒకటే యైనచో ధరయు ఒకటే. కులమును, పలుకుబడిని ఆ కొలపాత్ర యెరుగదు. పదిరోజులకో పదునైదు రోజులకో డబ్బు చేతికి వచ్చును. పంట డబ్బు ఏటి కొకటి రెండుమార్లు వచ్చి అప్పులవారికి పోవును. పాలడబ్బు బిడ్డల చదువునకును, ఇంటి వెచ్చమునకును నిలుచును. 1991 తరువాత ప్రైవేటు డెయిరీలు పల్లెలలోనికి వచ్చినవి. కొనువారు పెక్కురైనప్పుడు అమ్మువారికి మేలే. కాని సహకార కేంద్రమొకటి ఊరిలో నిలిచి యున్నప్పుడే తక్కినవారు ధర తగ్గించుటకు జంకుదురు. పోటీకి కాపలా సహకారము. సహకారపు అలసతకు మందు పోటీ.

దాత పడిపోయిననాడు

వ్యాపార సంస్థలు పల్లెకు వచ్చుటకు రెండు దారులున్నవి. ఒకటి క్రయవిక్రయముల దారి, మరియొకటి సేవా దారి. రెండవదానికి 2013 కంపెనీల చట్టము 135వ విభాగముతో బాధ్యత కల్పింపబడెను. నికర విలువ 500 కోట్ల రూపాయలు, లేక వ్యాపారము 1,000 కోట్లు, లేక నికరలాభము 5 కోట్లు దాటిన కంపెనీలు గడచిన మూడేండ్ల సగటు లాభములో నూటికి రెండు వంతులు సామాజిక కార్యములకు వెచ్చింపవలెను. 2014 ఏప్రిల్ 1నుండి ఇది అమలునకు వచ్చినది. గ్రామాభివృద్ధి ఆ కార్యముల పట్టికలో కలదు. కంపెనీ పనిచేయు ప్రాంతమునకు ప్రాధాన్య మీయవలెనని కూడ చట్టము చెప్పుచున్నది.

మంచి చట్టమే. కాని ఏ పని చేయవలెనో నిర్ణయించునది కంపెనీ బోర్డు. గ్రామసభను అడుగవలెనను నియమము అందు లేదు. ఊరికి కావలసినది బోదెమీద చిన్న వంతెన కాగా వచ్చునది ముఖద్వారముమీద రంగుల తోరణము కావచ్చును. పైగా పెద్ద కంపెనీలున్న చోటనే సొమ్ము పోగుపడుట సహజము. ఏ కంపెనీయు లేని ఊరు అట్లే యుండును.

సేవా దారిలోని ప్రమాదమును గోదావరి డెల్టా చవిచూచినది. సత్యం కంప్యూటర్స్ స్థాపకుల కుటుంబము 2001లో నెలకొల్పిన బైర్రాజు ఫౌండేషను పశ్చిమగోదావరి మొదలగు జిల్లాల గ్రామములలో శుద్ధజలము, ఆరోగ్యము, చదువు, పల్లెలోనే కంప్యూటరు ఉద్యోగములు అను పనులు చేపట్టి మంచిపేరు తెచ్చుకొన్నది. 2009 జనవరి 7న ఆ కంపెనీ లెక్కలలోని మోసము బయటపడెను. చెట్టు కూలినప్పుడు దానిమీది గూళ్లు నిలుచునా? నిధుల ఊట యెండిపోయెను. ఒకని జేబుమీద ఆధారపడు పని ఆ జేబు బలముదాకనే నడచును. వాడుకవారి రుసుముమీద నడచు నీటియంత్రమువంటిది దాత లేకున్నను సాగగలదు. జీతములన్నియు పైనుండి రావలసిన పని సాగలేదు. కావున ఊరు అడుగవలసినది "ఎంత ఇత్తురు?" అని కాదు, "మీరు వెళ్లిన పిదప దీని నెవరు నడుపుదురు?" అని.

కోనసీమలోని మోరి గ్రామమున 2016 డిసెంబరులో మరియొక ప్రయత్నము జరిగినది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్క్లీ శాఖలో బోధించు సోలమన్ డార్విన్ ఆచార్యుని చొరవతో, రాష్ట్రప్రభుత్వపు తోడ్పాటుతో, పలు కంపెనీలు అక్కడికి వచ్చినవి. ఊరికి ఫైబరు తీగల ద్వారా ఇంటర్నెట్టు వచ్చెను. జీడిపప్పునకు పేరొందిన ఆ ఊరి సరకును దళారులు లేకుండ దూరపు కొనుగోలుదారులకు చేర్చుట ఆ ప్రయత్నములో నొక లక్ష్యము. పల్లెను బిచ్చమడుగు చోటుగా గాక బేరమాడు చోటుగా జూచుట ఇందులోని మేలైన ఆలోచన. వ్యాపారికి లాభము, ఊరికి పని కలిగినప్పుడే వ్యాపారి మరల వచ్చును.

335 బస్తాల సిమెంటు

ప్రభుత్వము ఇచ్చు విధానమును గూర్చి దక్షిణ కొరియా కథ చెప్పుకొనదగినది. 1970-71 చలికాలమున ఆ ప్రభుత్వము 33 వేలకు పైబడిన గ్రామములకు తలకు 335 బస్తాల సిమెంటు ఉచితముగా నిచ్చెను. ఊరివారందరు కలిసి నిర్ణయించిన ఉమ్మడి పనికే దానిని వాడవలెను. కొన్ని ఊళ్లు బావులు, వంతెనలు, బాటలు కట్టుకొన్నవి. కొన్ని ఊళ్లలో సిమెంటు వృథా అయ్యెను. మరుసటి యేడు బాగుగా పనిచేసిన సుమారు 16,600 గ్రామములకే 500 బస్తాల సిమెంటు, ఒక టన్ను ఇనుము ఇచ్చిరి. సెమౌల్ ఉద్యమమను ఈ పని నిరంకుశ పాలనలో జరిగినదను మాట మరువరాదు. దాని బలవంతము అనుకరణీయము కాదు. కాని మొదట అందరికి సమానముగా నిచ్చి, పిదప పనిని బట్టి యిచ్చుట అను పద్ధతి ఆలోచింపదగినది.

ఆంధ్రప్రదేశమున 1997 జనవరిలో ఆరంభమైన జన్మభూమి కార్యక్రమమునందు కూడ ఊరివారు ధనరూపముననో శ్రమరూపముననో తమ వంతు చేర్చవలెనను నియమ ముండెను. వంతు వేసినవాడు పనిని కనిపెట్టును. చేతి చమురు వదిలిన దీపమును ఎవ్వరును గాలిలో పెట్టరు.

ఊరివారనగా ఎవరు?

ఇంతవరకు "గ్రామస్థులు" అను మాట సులభముగా వాడబడినది. ఆ మాటలోనే పెద్ద చిక్కున్నది. కృష్ణా డెల్టాలో నేడు పొలము దున్నువారిలో అధికసంఖ్యాకులు కౌలుదార్లు. భూమి యజమాని విజయవాడలోనో, హైదరాబాదులోనో, అమెరికాలోనో యుండును. బ్యాంకు అప్పు పట్టాను జూచి ఇచ్చును. పి.ఎం. కిసాన్ సాయము భూమిగల కుటుంబమునకు పోవును. తుపాను వచ్చి చేను పడిపోయినప్పుడు నష్టము కౌలురైతుది. పరిహారపు కాగితము మాత్రము అనేకసార్లు పట్టాదారుని వెదకుకొని పోవును. 2011లో భూఅధీకృత సాగుదారుల చట్టము, 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టము ఈ అన్యాయమును దిద్దుటకే వచ్చినవి. రెండవ చట్టములో 11 నెలల ఒప్పందపత్రముపై యజమాని సంతకము కావలెను. హక్కు పోవునను భయముతో యజమానులు సంతకము పెట్టుటకు జంకుదురు. సంతకము లేక కౌలురైతు ప్రైవేటు వడ్డీకి పోవును.

కావున కంకిపాడువంటి చోట ఒక కంపెనీయు, ఒక ప్రభుత్వశాఖయు, "గ్రామ ప్రతినిధులును" కూర్చుండి ఒప్పందము చేసికొన్నచో, ఆ కుర్చీలలో కౌలుదారుడు, కూలి, పాలు పోయు స్త్రీ లేనిచో, అది ఊరితో చేసిన ఒప్పందము కాదు. ఊరిపేర చేసిన ఒప్పందము. పల్లె పునరుజ్జీవన పథకములు పెక్కు విఫలమగుటకు మూలము ధనలోపము కాదు. దున్నువాని పేరు పట్టికలో లేకపోవుటయే.

దూరమున నున్న యజమానిని నిందించుటయు న్యాయము కాదు. అతడు తన ఊరిబడికి గదులు కట్టించుచున్నాడు, గుడికి విరాళ మిచ్చుచున్నాడు. ఐనను అతడు చేయగల పెద్ద ఉపకారము వేరొకటి కలదు. కౌలుపత్రముపై ఒక సంతకము. దానికి రూపాయి ఖర్చు లేదు. తన భూమి దున్నువాని ఇంట అప్పుల భారము తగ్గును. అమెరికానుండి వచ్చు విరాళముకంటె ఆ సంతకము ఊరిని ఎక్కువగా నిలబెట్టును.

బడిలోనుండి మొదలు

73వ రాజ్యాంగ సవరణము 1993 ఏప్రిల్ 24న అమలునకు వచ్చి పంచాయతీలకు రాజ్యాంగ గౌరవము కల్పించినది. పదునొకండవ షెడ్యూలులో వ్యవసాయము, చిన్ననీటి వనరులు, పాడి, కుటీర పరిశ్రమలు, గ్రామపు రోడ్లు మొదలగు 29 విషయములు పేర్కొనబడినవి. మూడు చేతులు కలియవలసిన చోటు గ్రామసభయే. అక్కడికి ప్రభుత్వము తన నిధుల లెక్కతో రావలెను. కంపెనీ తన కొనుగోలు ధరతో, కాలవ్యవధితో రావలెను. ఊరు తన అవసరముల పట్టికతోను, తన వంతుతోను రావలెను. పంట చెడిన ఏడు ఎవరెంత భరింతురో ఆ సభలోనే వ్రాసికొనవలెను. ఐదేండ్ల తరువాత ఆ పనిని ఎవరు నడుపుదురో కూడ వ్రాసికొనవలెను. ఇట్టి పత్రము గోడమీద అందరికి కనబడునట్లుండుట మేలు. పూర్వులు దానినే రాతిమీద చెక్కిరి.

ఐతే ఊరికి తన లెక్క తనకు తెలియవలెను. ఎన్ని ఎకరములు యజమానులు దున్నుచున్నారు, ఎన్ని కౌలులో నున్నవి, ఏ బోదె శివారుకు నీరు చేరుట లేదు, ఏటేట ఎంత మాగాణి ఇండ్ల స్థలములగుచున్నది, ఎన్ని ఇండ్లు పాలు పోయుచున్నవి — ఈ సంగతులు అనేక గ్రామములలో ఒకచోట వ్రాసియుండవు. రాజధాని ప్రాంతాభివృద్ధి సంస్థ పరిధిలోనికి 2014లో చేరిన కంకిపాడు ప్రాంతమునకు ఈ లెక్క మరింత అవసరము. ఒకసారి హద్దురాయి పడిన మాగాణి మరల మాగాణి కాదు.

ఈ లెక్క వ్రాయగల సంస్థ ప్రతి ఊరిలోను ఒకటి కలదు. అది ఉన్నత పాఠశాల. వెన్నశాతమును బట్టి పాలధర కట్టుట ఎనిమిదవ తరగతి గణితమునకు మించినది కాదు. కాలువలో నీటివేగము కొలుచుట భౌతికశాస్త్ర పాఠము. ఊరి వృద్ధులనడిగి పాత బోదెల పేర్లు, చెరువుల పేర్లు, మాన్యముల పేర్లు వ్రాసికొనుట తెలుగు పాఠము. ఉపాధ్యాయుడు దారి చూపినచో విద్యార్థులు ఏటేట ఒక గ్రామపుస్తకము తయారుచేయగలరు. ఆ పుస్తకము గ్రామసభలో చదువబడిననాడు అధికారి ఊహమీద మాటలాడజాలడు, కంపెనీ తోరణములు చూపి పోజాలదు, ఊరి పెద్ద తన బంధువుల అవసరమునే ఊరి అవసరమని చెప్పజాలడు.

ఆ పుస్తకము వ్రాసిన బాలురలో అనేకులు రేపు పట్టణములకు పోవుదురు, పోవుట తప్పుకాదు. కాని తన ఊరి బోదె పేరు తెలిసినవాడు, ఆ బోదె శివారున ఎవరి చేను ఎండుచున్నదో చేతితో వ్రాసినవాడు, ఎక్కడ నున్నను కౌలుపత్రము ముందుకు వచ్చినప్పుడు సంతకము పెట్టుటకు జంకడు.